బొచ్చెపిల్లలూ మూడు ఇంజన్లూ

ఆషాఢం నడిమధ్యన మా జిల్లా చేపపిల్లల పెంపక కేంద్రం వారి పాత పికప్పు బండికి అడుగు ఊడిపోయింది. చేపపిల్లలున్న నీళ్ళ ట్యాంకు నడిరోడ్డు మీద కూర్చుండిపోయింది, బండి మాత్రం ముందుకు సాగిపోయింది. ఉన్నట్టుండి బండి తేలికై పరుగందుకునేసరికి, కొత్తగా పోయించిన ఆయిలు పనిచేస్తోందని డ్రైవరు యాకూబ్ సంతోషించాడు. కొంత దూరం వెళ్ళాక అద్దంలో చూస్తే, ట్యాంకు రోడ్డు మధ్యన ఒంటరిగా, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా కనిపించింది.

పిల్లలకు ఏమీ కాలేదు. వాటిని మళ్ళీ కేంద్రం గుంటలోకే చేర్చారు. బండిని మాత్రం పాత ఇనుము వాళ్ళు కూడా కాసేపు ఆలోచించి తీసుకున్నారు.

కేంద్రం సూపరింటెండెంటు దామెర విఠల్ నెమ్మదైన మనిషి. చేపలకు మేత వేసే వేళ ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఒప్పుకోడు. వానాకాలంలో చుట్టుపక్కల ఊళ్ళ చెరువులకు బొచ్చెపిల్లలను చేరవేయడం అతని పని. పిల్లలు బొటనవేలంత ఉన్నప్పుడే చెరువులో పడాలి. అప్పుడే ఎండాకాలం నాటికి తూకానికి వస్తాయి, చేపలు పట్టి బతికే కుటుంబాలు నాలుగు మెతుకులు తింటాయి. చేపపిల్లలను శాఖ వారి సొంత బండిలో తప్ప మరే బండిలోనూ తరలించరాదని నియమం ఉంది. దారిలో పిల్లలు మాయం కాకుండా ఎప్పుడో ఎవరో పెట్టిన మంచి నియమం అది. బండే మాయమైతే ఏం చేయాలో మాత్రం అందులో రాయలేదు.

కొత్త బండి కావాలని విఠల్ రాశాడు. పొదుపు అమల్లో ఉన్నందున కొత్తవి కొనరాదు, వాడిన బండి కొనుక్కోవచ్చని పైనుంచి జవాబు వచ్చింది. విఠల్ యాకూబ్‌ను వెంటబెట్టుకుని, పాత బండ్లు అమ్మే జగదీశ్వర్ సేటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఒకే తీరు పెద్ద పికప్పులు మూడు వరుసగా నిలబడి ఉన్నాయి. మూడూ తెల్లవే. ఒకటి డీజిలుది, ఒకటి పెట్రోలుది, ఒకటి గ్యాసుది.

యాకూబ్ మూడింటినీ స్టార్టు చేశాడు, మూడింటినీ రోడ్డు చివరి దాకా తిప్పుకొచ్చాడు, మూడింటి వెనకా కూర్చుని పొగ చూశాడు.

"పెట్రోలు బండి సప్పుడు లేకుండ మంచిగ పోతది సార్. గని బరువేసి గుట్టెక్కిస్తే తాగుడెక్కువ. గ్యాసు బండికి సిలిండర్లే సగం జాగ తిన్నయ్, మనం ట్యాంకు ఏడ పెట్టాలె? గ్యాసు బంకు కూడ పక్క జిల్లాల ఉన్నది. డీజిలుదాన్కి లాగుడున్నది. పొగ నల్లగ లేదు. ఇంజను అరిగి బోరుకు రాలే. మనకు గిదే పనికొస్తది."

విఠల్ ఇంజనులోంచి ఆయిలు పుల్ల బయటికి లాగి, తనకు తెలిసినట్టే గంభీరంగా చూసి, మళ్ళీ దోపాడు. డీజిలు బండి తీసుకుంటామని సేటుకు చెప్పాడు. సేటు టీ తెప్పించాడు. మొత్తం వ్యవహారం ఒక గంటలో ముగిసిపోయింది.

వాళ్ళు చేసిన పొరపాటు అదే.

*

జిల్లా జాయింటు డైరెక్టరు డాక్టర్ మార్కండేయులు గారు ఆ మధ్యనే ఒక చల్లని కొండ ఊళ్ళో 'తులనాత్మక పాలన' మీద శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఆయన పోల్చకుండా మంచినీళ్ళు కూడా తాగడం లేదు. ఆయన బల్ల మీద మూడు గ్లాసులుంటాయి. ఒకటి కుండలోది, ఒకటి ఫిల్టరుది, ఒకటి సీసాది. మూడింటిలోనూ ఒక్కొక్క గుటక తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే దాహం తీర్చుకుంటారు. వెనక గోడకు 'పోల్చనిదే పొందరాదు' అని అద్దం కట్టించిన బోర్డు.

విఠల్ ముందుకు జరిపిన కాగితం ఆయన చదివారు.

"ఏ ఇంజను?"

"డీజిలు సార్."

"దేనితో పోల్చారు?"

"పెట్రోలుతో, గ్యాసుతో సార్."

"ఎంతసేపు?"

"ఒక గంట సార్."

మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "విఠల్ గారూ, గంటలో జరిగేదాన్ని పోలిక అనరు, అభిప్రాయం అంటారు. ప్రభుత్వ ధనంతో మనం బండ్లు కొనవచ్చు, అభిప్రాయాలు కొనరాదు."

"పిల్లలు పెరుగుతున్నాయి సార్. చెరువులు నిండుతున్నాయి. పోనీ, కొనేదాకా ఒక బండి అద్దెకు..."

"కొనుగోలు పరిశీలనలో ఉండగా అద్దె ప్రతిపాదన చేయడం, కొనుగోలు మీద అవిశ్వాసం ప్రకటించడమే." ఆయన గంట కొట్టారు. "శేషగిరి గారిని పిలవండి."

అకౌంటెంటు శేషగిరి వచ్చేసరికి సంఘం పేరు సిద్ధమైంది: 'వినియోగిత వాహన ఇంజన్ల సమగ్ర తులనాత్మక పరిశీలనా సంఘం'. మార్కండేయులు గారు అధ్యక్షులు, శేషగిరి కార్యదర్శి, విఠల్ ఓటు హక్కు లేని ప్రత్యేక ఆహ్వానితుడు. యాకూబ్‌ను సంఘానికి ఆమడదూరంలో ఉంచాలని మొదటి సమావేశంలోనే తీర్మానించారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అతను నడిపినవన్నీ డీజిలు బండ్లే, కాబట్టి అతనికి డీజిలు పట్ల మమకారం ఉంది.

విఠల్ కేంద్రానికి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కొండాయిపల్లి మత్స్యకారుల సంఘం అధ్యక్షురాలు బోయిని చంద్రవ్వ కూర్చుని ఉంది. నలుగురి మాట ఒక్కతే మాట్లాడగల మనిషి.

"సారూ, మా చెరువు నిండి మత్తడి దుంకుతున్నది. పిల్లలెప్పుడిస్తరు?"

"బండి రావాలె అక్కా. ఇంజన్లను పోలుస్తున్నారు."

"ఎవల్తోని?"

"ఒకదాంతో ఒకటి."

చంద్రవ్వ కొంగు దులుపుకుని లేచింది. "పోల్చనియ్యున్రి. శాపలకు జెర చెప్పున్రి సారూ, పెరుగుడు ఆపమని."

*

బండి నడిపి చూడటానికి నిష్పాక్షికమైన మనిషి కావలసి వచ్చింది. ఏ ఇంజను పట్లా ప్రేమగానీ ద్వేషంగానీ లేనివాడు కావాలంటే, అసలు బండే నడపనివాడై ఉండాలని మార్కండేయులు గారు సెలవిచ్చారు. శేషగిరి పడుచుతనంలో లైసెన్సు తీసుకుని, దాన్ని జేబులో పెట్టుకుని అప్పట్నుంచీ సైకిలు మీద తిరుగుతున్నాడు. ఇంతకన్నా అర్హుడు దొరకడని తేలింది.

పరీక్ష పోలీసు పరేడు మైదానంలో జరిగింది. డీజిలు బండీ పెట్రోలు బండీ నడుచుకుంటూ వచ్చాయి. గ్యాసు బండిలో గ్యాసు లేదు. పక్క జిల్లాకు వెళ్ళి నింపుకు రావాలంటే గ్యాసు ఉండాలి. అందుకని దాన్ని ఒక లారీ మీద ఎక్కించి, తీసుకెళ్ళి, నింపి, మళ్ళీ లారీ మీదే మైదానానికి తెచ్చారు.

"సార్, ఆ లారీ డీజిలుదే" అని విఠల్ మెల్లగా అన్నాడు. "గ్యాసు బండిని డీజిలు ఇంజను మోసుకొచ్చింది."

"లారీ ఈ సంఘం పరిధిలోకి రాదు" అన్నారు మార్కండేయులు గారు.

బరువు పెట్టకుండా పోల్చడం అశాస్త్రీయం. ట్యాంకు ఎక్కిద్దామంటే, కొనని బండిలో శాఖ ట్యాంకు పెట్టరాదు. అందుకని కొట్టుగదిలోని పాత ఫైళ్ళన్నీ గోనెసంచుల్లో కట్టి బండికెత్తారు. శేషగిరి ఒక్కొక్క బండినీ మొదటి గేరులోనే మైదానం చుట్టూ నడిపాడు. రెండో గేరు ఉందని అతనికి తెలుసు, కానీ అటు వెళ్ళే ధైర్యం రాలేదు. ఇంజన్లు మూడూ ప్రాణాలు పోయేలా అరిచాయి. గోడ అవతల నిలబడి చూస్తున్న యాకూబ్ రెండు చెవులూ మూసుకున్నాడు.

నివేదిక అందంగా వచ్చింది. 'డీజిలు: కంఠం గంభీరం, స్వభావం మొండి. పెట్రోలు: మితభాషి అయినప్పటికీ ఒత్తిడికి లోనైనప్పుడు కీచుమనును. గ్యాసు: ఆద్యంతం నిదానం. మూడూ మైదానం చుట్టి వచ్చినవి. ఏదీ మైదానం దాటి పోలేదు. కనుక మూడూ సమానము.'

సమానమని తేలితే ఏదో ఒకటి కొనేస్తారని విఠల్ ఆశపడ్డాడు.

"పొరపాటు" అన్నారు మార్కండేయులు గారు. "సమానమని తేలిందంటే పోలిక లోతు చాలలేదని అర్థం. బండి ఎవరికోసం? చేపల కోసం. చేపల అభిప్రాయం తీసుకున్నామా?"

*

శ్రావణమాసం చివరలో మూడు బండ్లనూ కేంద్రంలో చేపల గుంట గట్టు మీదికి తెచ్చారు. శబ్దానికి చేపలు బెదురుతాయని, బెదిరిన చేపలు నీరసిస్తాయని మార్కండేయులు గారు ఎక్కడో చదివారు. ఏ ఇంజను చప్పుడుకు చేపలు తక్కువ బెదిరితే ఆ ఇంజను మేలు. గట్టు మీద మూడు కుర్చీలు వేశారు. కబురు తెలిసి చంద్రవ్వ కూడా వచ్చి, గట్టు మీద చెప్పులు విడిచి వాటి మీద కూర్చుంది.

మొదట డీజిలు బండి స్టార్టు చేశారు. గుంటలో నీళ్ళు కదిలాయి. నల్లటి వీపులు ఒక్కసారిగా ఒడ్డుకు దూసుకొచ్చి, నోళ్ళు తెరిచి, గట్టును తినేసేలా చూశాయి. పెట్రోలు బండికీ అంతే. గ్యాసు బండికీ అంతే. కేంద్రంలో తవుడూ పల్లీచెక్కా ఎప్పుడూ బండి మీదే గట్టుకు వచ్చేవి. ఏ బండి చప్పుడైనా వాటికి అన్నం గంటే. ఆ మాట విఠల్ చెప్పబోయాడు కానీ, అప్పటికే మార్కండేయులు గారి కళ్ళు చెమర్చాయి.

"మూడింటినీ సమానంగా ఆదరించాయి! ఒక్క చేప కూడా పక్షపాతం చూపలేదు. రాసుకోండి శేషగిరి గారూ. మానవులుగా మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది."

చంద్రవ్వ చేపలనే చూస్తోంది. అవి అరచేయి దాటాయి.

"సారూ, ఆషాఢంల ఇయ్యి పిడికెట్ల పట్టేటివి. మేం ఎత్తుకపోదామని వస్తే, గిప్పుడు అవే మమ్ముల ఎత్తుకపోయేటట్టున్నయ్."

"అమ్మా, సాంకేతిక విషయాల్లో తొందరపాటు తగదు" అన్నారు మార్కండేయులు గారు ఆప్యాయంగా. "మీ కోసమేగా ఈ శ్రమంతా."

"మా కోసమైతే జెర తక్కువ శ్రమపడున్రి సారూ."

ఆ రాత్రి నుంచి విఠల్‌కు నిద్ర కరువైంది. బొటనవేలంత పిల్లల కోసం తవ్విన గుంట అది. అరచేయంత చేపలకు గాలి చాలడం లేదు. తెల్లవారేసరికి అన్నీ పైకొచ్చి నీళ్ళ మీద మూతులు తెరిచి గుటకలు వేస్తున్నాయి. యాకూబ్, విఠల్ మోకాటి లోతు నీళ్ళలో దిగి, ఎండ వచ్చేదాకా తట్టలతో నీళ్ళు ఎగజిమ్మేవాళ్ళు. ఒక ఉదయం కొన్ని చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. విఠల్ వాటిని ఒక్కొక్కటే ఏరి గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే చాలాసేపు కూర్చున్నాడు.

"గిట్లయితే దసర దాకా ఒక్కటి బతకది సార్" అన్నాడు యాకూబ్.

విఠల్ ఆ రోజే ఉత్తరం రాశాడు. చేపలు పెరిగిపోయాయి, చచ్చిపోతున్నాయి, అద్దె బండికి అత్యవసరంగా అనుమతి ఇప్పించండి అని.

*

ఆ ఉత్తరం అందే సమయానికి సంఘం మరింత లోతుకు దిగి ఉంది. చూసేవాళ్ళ మనసు బండి రంగుకూ సీట్లకూ లొంగిపోతోందని మార్కండేయులు గారికి అనుమానం వచ్చింది. ఇంజన్లను పోల్చాలంటే ఇంజన్లనే చూడాలి. అందుకని మూడు బండ్ల ఇంజన్లూ విప్పించి, ఆఫీసు సమావేశ మందిరంలో మూడు బల్లల మీద పెట్టించారు. ఏది ఏదో తెలియకుండా మూడింటి మీదా తెల్లటి దుప్పట్లు కప్పించారు. ఏదో పని మీద వచ్చిన ఒక రైతు ద్వారంలోంచి లోపలికి చూసి, చెప్పులు విప్పి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

జగదీశ్వర్ సేటు తన మేస్త్రీని వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, నేను బండ్లు అమ్ముకునేటోణ్ణి. మీరు నా బండ్లకు పోస్టుమార్టం చేయవడితిరి. ఏదన్న ఒకటి కొనున్రి, లేకుంటే మల్ల బిగించి ఇయ్యున్రి."

"పారదర్శకత కోసం కొంత ఓర్పు అవసరం."

"దుప్పటి కప్పి పారదర్శకత ఏంది సారూ?"

మేస్త్రీ ఒక బల్ల వైపు వేలు చూపించి, "సారూ, గిది చూడంగనే తెలుస్తది, ఇది..." అన్నాడు.

మార్కండేయులు గారు చెయ్యి ఎత్తి ఆపారు. "చెప్పకండి! మీరు ఒక్క మాట చెబితే ఫలితం మొత్తం కలుషితమవుతుంది. ఇకమీదట ఏ ఇంజను ఏదో తెలిసినవారు ఈ గదిలోకి రావడం నిషిద్ధం."

దాంతో గదిలో తెలియనివాళ్ళే మిగిలారు. వాళ్ళు దుప్పట్ల మీది నుంచి ఇంజన్లను తడిమి, ఎత్తును తాడుతో కొలిచి, రహస్యంగా ఓట్లు వేశారు. నడిమి బల్ల మీది ఇంజను గెలిచింది. మరి దాన్ని ఏ బండిలో బిగించాలి? తన పాత బండిలోనే బిగిస్తే మళ్ళీ పక్షపాతమే. అందుకని ఇంజన్లు లేని బండ్ల కోసం ఇంకొక సంఘం ఏర్పడింది. దాని అధ్యక్షుడూ కార్యదర్శీ మునుపటివారే.

ఆ హడావుడిలోనే విఠల్ ఉత్తరానికి జవాబు తయారైంది. విఠల్ దాన్ని గట్టు మీద నిలబడి చదివాడు.

'బొటనవేలి పొడవును మించినవి నిబంధనల ప్రకారం చేపపిల్లల నిర్వచనంలోకి రావు. మీ లేఖను బట్టి మీ వద్ద ఉన్నవి ఆ పొడవును మించినవి. కనుక మీ కేంద్రంలో చేపపిల్లల నిల్వ శూన్యమని భావించడమైనది. శూన్య నిల్వను తరలించుటకు అద్దె వాహనం అవసరం లేదు.'

గుంటలో వేలాది మూతులు గుటకలు వేస్తున్నాయి. విఠల్‌కు మొదట ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. తన జీవితంలో కోపం అలవాటు లేని మనిషి కావడంతో, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, బస్సెక్కి కొండాయిపల్లి వెళ్ళి చంద్రవ్వ ముందు కూర్చుని కాగితం పెద్దగా చదివాడు.

చంద్రవ్వ మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

"అంటే ఆడ శాపలు లెవ్వన్నట్టే?"

"కాగితం ప్రకారం లేవు అక్కా."

"లేని శాపలను పట్టుకపోతే దొంగతనమెట్లయితది సారూ?"

విఠల్ కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "శాఖ బండిలోనే తీసుకెళ్ళాలన్న నియమం కూడా చేపపిల్లలకే" అన్నాడు. "ఇవి పిల్లలు కావని సారే రాశారు."

"మరింక ఏం చూస్తున్నరు?"

"నా ఉద్యోగం పోతదేమో అక్కా."

చంద్రవ్వ, "పోతదేమో" అంది నిజాయితీగా. "మీ ఇంట్ల ఎంతమందికి బువ్వ పెట్టాల్నో నాకు తెల్వది సారూ. మిమ్ముల పొమ్మని నేను జెప్ప. గని మా చెరువుల ఈయేడు పిల్ల పడకుంటే, ఎండకాలం మా ఆడోళ్ళందరు తట్టలు వట్టుకొని పట్నం పోవాలె, మట్టి మోయనీకి."

విఠల్ ఆ పూట అక్కడే జొన్నరొట్టె తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, "రేపు పొద్దున ట్రాక్టరు తెండి" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా కదిలింది. నీళ్ళ ట్యాంకరు కట్టిన ట్రాక్టరు ఒకటి, డ్రమ్ములెత్తిన ఆటోలు, పాలక్యాన్లు తగిలించుకున్న మోటారు సైకిళ్ళు. మగవాళ్ళు గుంటలో వల లాగారు, ఆడవాళ్ళు తడిపిన గోనెసంచుల్లో చేపలను చంటిపిల్లలను ఎత్తుకున్నట్టు ఎత్తి డ్రమ్ముల్లో వదిలారు. విఠల్ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, "మెల్లగా... మెల్లగా... మొప్పలు నలగనియ్యకండి" అంటున్నాడు. ట్రాక్టరు మీద యాకూబ్ కూర్చున్నాడు.

"యాకూబ్, ఇది ఏ ఇంజను?" అన్నాడు విఠల్ అలవాటుగా.

"అడుగకున్రి సార్. దానికి తెలిస్తే ఆగిపోతది."

పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి గుంట ఖాళీ. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలకు కూడా చంద్రవ్వే కబురు పెట్టి వాటి వంతు అప్పజెప్పింది. కొండాయిపల్లి చెరువులో వదిలిన చేపలు ఒక్క క్షణం ఒడ్డునే నిలబడి, అంత నీళ్ళను నమ్మలేనట్టుగా చూసి, ఒక్కసారిగా లోతుకు వెళ్ళిపోయాయి. విఠల్ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అటే చూశాడు.

ఎవరూ విచారణకు రాలేదు. శూన్య నిల్వ ఉన్న కేంద్రంలో ఏం తగ్గిందని వస్తారు?

*

శివరాత్రి దాటాక బండి సిద్ధమైంది. రెండో సంఘం మూడు ఖాళీ బండ్లలో కుడివైపు చివరిదాన్ని ఎంపిక చేసింది. దాని ఇంధనం మూత మీద ఎర్ర అక్షరాలతో డీజిలు అని రాసి ఉంది. మొదటి సంఘం గెలిపించిన ఇంజను పెట్రోలుది. సేటు మేస్త్రీ నోటికి తాళం వేసుకుని, నొచ్చుకుంటూ, బుజ్జగిస్తూ, ఎట్లాగో దాన్ని ఇందులో ఇమిడించాడు. చెప్పరాదని ఆజ్ఞ కదా, చెప్పలేదు. మిగిలిన రెండు బండ్లనూ రెండు ఇంజన్లనూ సేటు ఇంటికి తీసుకెళ్ళి, తలుపు వేసుకుని, ఆ రోజు టీ కూడా తాగలేదట.

ఈ ఆదర్శ కొనుగోలును జెండా ఊపి ప్రారంభించడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నారు. కేంద్రం దగ్గర షామియానా, బ్యాండు మేళం. మార్కండేయులు గారు ముందుగానే వచ్చి గుంట వైపు చూశారు. అడుగున తడి మట్టి, దాని మీద కొంగలు.

"విఠల్ గారూ! చేపలేవీ?"

"తమరి ఉత్తర్వు ప్రకారం నిల్వ శూన్యం సార్."

"అది కాగితాల్లో. నీళ్ళలో?"

"నీళ్ళలోనూ శూన్యమే సార్. కాగితాలకు అనుగుణంగా నడుచుకుంటున్నాం."

మార్కండేయులు గారు ఒక క్షణం అతని మొహంలోకి చూశారు. విఠల్ మొహంలో ఏమీ దొరకలేదు. పెద్దాయన కారు బయల్దేరిందని అంతలోనే ఫోను వచ్చింది. ఖాళీ ట్యాంకుకు జెండా ఊపించలేరు కదా. చివరికి విఠల్ మోటారు సైకిలు మీద కొండాయిపల్లికి పరుగెత్తాడు.

చంద్రవ్వ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, వల వేయించి, నీళ్ళ డ్రమ్ములో రెండు బొచ్చెలు పెట్టించింది. ఒక్కొక్కటీ పసిపిల్లాడంత బరువుంది.

"రెండే ఇస్తున్న సారూ. మల్ల మా చెరువుల మాకు తెచ్చియ్యాలె."

పెద్దాయన వచ్చారు. దండలు వేయించుకున్నారు. పోలికే ప్రగతికి మెట్టు అన్నారు. ట్యాంకులోకి తొంగి చూసి, "పిల్లలు ఆరోగ్యంగా ఉన్నాయి" అని మెచ్చుకున్నారు. బండి మూత మీద రాసి ఉన్నట్టే ట్యాంకు నిండా డీజిలు పోయించారు. నిష్పాక్షికత కోసం శేషగిరినే స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. జెండా ఊగింది, బ్యాండు మోగింది. పైపులో మిగిలిన పెట్రోలుతో బండి గేటు దాకా ఠీవిగా నడిచింది. గేటు దగ్గర దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది.

నిశ్శబ్దం.

"గమనించారా సార్?" అన్నారు మార్కండేయులు గారు. "ఆగినప్పుడు ఎంత ప్రశాంతంగా ఉందో! చేపలకు ఏమాత్రం బెదురు లేదు."

పెద్దాయన అవునన్నట్టు తలూపి, హైదరాబాదులో మరో ప్రారంభోత్సవం ఉందని వెళ్ళిపోయారు. బండి మాత్రం కొండాయిపల్లి చేరి తీరాలి, ఫోటోగ్రాఫరు అక్కడ ఎదురుచూస్తున్నాడు. మార్కండేయులు గారు కోటు విప్పి వెనక నుంచి తోశారు. విఠల్ తోశాడు, ఆఫీసు సిబ్బంది తోశారు, షామియానా వాళ్ళు తోశారు. బ్యాండు వాళ్ళు ముందు నడుస్తూ పెళ్ళి పాట అందుకున్నారు. మరో పాట వాళ్ళకు రాదు. యాకూబ్ పక్కనే నడుస్తూ, కిటికీలోంచి శేషగిరికి, "బ్రేకు తీయున్రి సార్, చేతి బ్రేకు" అని చెబుతూ వచ్చాడు. ఊరి పొలిమేర దగ్గర శేషగిరి దాన్ని కనిపెట్టాడు. అక్కణ్ణుంచి బండి కొంచెం తేలికగా కదిలింది.

చెరువుగట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. మార్కండేయులు గారు చెమట తుడుచుకుని, కోటు తొడుక్కుని, రెండు బొచ్చెలనూ వెడల్పు తట్టలో పెట్టించి చంద్రవ్వ చేతికి అందించారు. ఫోటోగ్రాఫరు ఇద్దరినీ దగ్గరగా జరగమన్నాడు.

"అమ్మా చంద్రవ్వ గారూ" అన్నారు మార్కండేయులు గారు, రొప్పుతూనే. "లబ్ధిదారుగా ఈ శుభ సమయంలో మీ అనుభూతిని నాలుగు మాటల్లో చెప్పండి."

చంద్రవ్వ వంగి తట్టను నీళ్ళలోకి వంచింది. రెండు బొచ్చెలూ తోకలు విదిల్చి, మార్కండేయులు గారి కోటు మీద నీళ్ళు చల్లి, లోతుకు పోయాయి.

"శానా సంబురమైంది సారూ" అంది. "మా పిల్లలు తల్లిగారింటికి పోయి, మేళతాళాలతోని తిరిగొచ్చినయ్. తల్లిగారోళ్ళు ఒడిబియ్యం ఏమన్న పోసి పంపిండ్రా?"

మార్కండేయులు గారు శేషగిరి వైపు చూశారు. శేషగిరి ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, అటువంటి కేటాయింపు ఏదీ లేదని విన్నవించాడు.